పూర్తికాని ఆటల పిన్నిగారు

పోయిన నెల ఆఫీసులో భోజనాలయ్యాక నా పక్క సీటాయన ఫోను తెచ్చి నా మొహం ముందు పెట్టాడు.

“సార్, ఇది చూడండి. ఈ గేమ్ ఇంకా రిలీజే కాలేదు. సగం చేసిన వెర్షన్ ఎలాగో బయటికొచ్చేసింది. రెండ్రోజులుగా అందరూ దీన్నే చూస్తున్నారు.”

చూశాను. కళ్ళూ ముక్కూ ఇంకా పెట్టని సైనికుడొకడు రంగు వెయ్యని వీధిలో నడుస్తున్నాడు. గోడల మీద బూడిదరంగు గళ్ళు. ఒక ఇంటికి తలుపుంది. తీస్తే అవతల గది లేదు, ఉత్త ఆకాశం.

“ఇలాంటివి పోగుచేసేవాళ్ళు కూడా ఉంటారు సార్. చివర్లో తీసేసినవన్నీ వీటిల్లో దొరుకుతాయట. మన వైపు ఇవన్నీ ఎవరికి తెలుస్తాయి లెండి” అన్నాడు.

నాకు రోషం వచ్చింది. “ఎందుకు తెలీదు? పాలకొల్లులో ఒకావిడ ఇరవయ్యేళ్ళ కిందటే ఒక ట్రంకుపెట్టె నిండా పోగేశారు” అన్నాను. ఆయన నవ్వి, ఫోను తీసుకుని పోయాడు. నమ్మలేదు. రాజమండ్రిలో కూర్చుని ఇలాంటి మాట చెబితే నేనైనా నమ్మను. కానీ ఆ సాయంత్రం ఇంటికెళ్ళేదాకా ఆవిడే కళ్ళముందు ఉన్నారు. ఆవిడ పోయి చాలాకాలమైంది. కబురు నాకు నెలరోజులు ఆలస్యంగా తెలిసింది, వెళ్ళలేకపోయాను.

ఊళ్ళో అందరూ పిన్నిగారనే పిలిచేవారు. నేనూ అంతే. పేరు తెలుసు గానీ ఇక్కడ రాయను, ఆవిడకి ఇష్టం ఉండదు.

అప్పట్లో నేను పాలకొల్లులో ఒక కంప్యూటర్ సెంటర్లో పాఠాలు చెప్పేవాణ్ణి. సొంతూరు నిడదవోలు. వయసు ఇరవైనాలుగు. కంప్యూటర్ గురించి నాకు తెలియనిది ఆ జిల్లాలో ఎవరికీ తెలియదని గట్టి నమ్మకం. మేడ మీద మా సెంటరు, కింద పిన్నిగారి కొట్టు. బోర్డు మీద ‘వీడియో గేమ్స్’ అని పెద్ద ఎర్రక్షరాలు, వాటి అడుగున సగం వెలిసిపోయిన పాత అక్షరాల్లో ‘లేసు పని’ అని ఉండేది. రెండూ నిజమే. గదిలో మూడు టీవీలు, రెండు కంప్యూటర్లు, వాటి మధ్య ప్లాస్టిక్ కుర్చీలో యాభై దాటిన ఆవిడ, ఒళ్ళో దారపుండ, చేతిలో కొక్కెం సూది.

కొట్టు పెట్టింది ఆవిడ తమ్ముడు. ఏడాది తిరక్కుండానే అతనికి రొయ్యల చెరువుల మీదకి మనసు మళ్ళింది. “నువ్వేం చెయ్యక్కర్లేదక్కా, ఊరికే కూర్చో చాలు” అని చెప్పి భీమవరం వైపు వెళ్ళిపోయాడట. ఊరికే కూర్చోవడం ఆవిడకి చేతకాదని తమ్ముడికి తెలీదు మరి.

లేసు పని గురించి ఒక మాట చెప్పాలి, లేకపోతే ఆవిడ అర్థం కారు. నరసాపురం చుట్టుపక్కల ఊళ్ళల్లో ఆడవాళ్ళు ఇళ్ళల్లో కూర్చుని దారంతో లేసు అల్లుతారు. ఒకావిడ పువ్వులే అల్లుతుంది. ఇంకొకావిడ అంచులే. పది ఇళ్ళలో అల్లిన ముక్కలన్నీ ఒక ఇంటికి చేరితే, అక్కడ వాటిని కలిపి పెద్ద గుడ్డ చేస్తారు. దాన్నే అతుకు పని అంటారు. పిన్నిగారు ముప్పై ఏళ్ళు ఆ పనే చేశారు. ఏ ముక్క ఎవరి చేతిదో పేర్లు రాసిపెట్టుకోకుండానే చెప్పేవారట.

“వందల టేబుల్ గుడ్డలు అతికానండి మాస్టారూ. టేబుల్ మీద పరిచి ఉండగా ఒక్కటీ చూళ్ళేదు. అన్నీ పై దేశాలకి పోయేవి. మా ఇంట్లో చూద్దామంటే టేబులే లేదాయె” అనేవారు. ఈ మాట నాతో ఒక ఇరవైసార్లు అని ఉంటారు. అన్నప్పుడల్లా కొత్తగా నవ్వేవారు.

ఆవిడకీ పూర్తికాని ఆటలకీ పరిచయం అయిన రోజు నేను అక్కడే ఉన్నాను. ఉతికిన తెల్ల పంచెలో ఒక రాజుగారు వచ్చేవారు, చెరువుల ఆసామి. మధ్యాహ్నం భోంచేసి వచ్చి కార్ల పందెం ఆడుకునేవారు. ఆ రోజు ఉన్నట్టుండి కుర్చీలోంచి లేచి కేక పెట్టారు.

“పిన్నిగారూ! రోడ్డు లేదండి! మలుపు తిరిగేసరికి ఆకాశంలోకి పడిపోతున్నాను!”

పిన్నిగారు సూది ఆపి, వచ్చి చూశారు. నిజమే. రోడ్డు సగంలో కోసేసినట్టు ఆగిపోయింది. కారు కిందికి, కిందికి, ఇంకా కిందికి పడుతూనే ఉంది.

“కాంట్రాక్టరు ఇంకా రాలేదు లాగుందండి రాజుగారూ. మీరు ఆ టీవీలో ఇంకోటి ఆడుకోండి. ఇది నాకిచ్చెయ్యండి” అన్నారు.

మద్రాసు నించి కవర్లు లేని సీడీలు కడ్డీకి గుచ్చి కట్టలుగా వచ్చేవి. దొంగ సరుకే, అబద్ధం ఎందుకు. ఆ కట్టల్లో అప్పుడప్పుడు ఇలాంటివి దొర్లేవి. కంపెనీ ఇంకా తయారుచేస్తుండగానే లోపల్నించి ఎవరో ఎత్తుకొచ్చేసిన సగం ఆటలు. వేరే కొట్ల వాళ్ళు వాటిని తిట్టుకుని పారేసేవారు. పిన్నిగారు ఆ సంగతి తెలుసుకుని, “పాడైనవి ఉంటే నాకు పంపండి” అని కబురుపెట్టారు. భీమవరం నించీ తణుకు నించీ కూడా వచ్చేవి. ఒక్కో డిస్కునీ పాత లేసు ముక్కలో చుట్టి, పెన్సిలుతో చీటీ రాసి, ట్రంకుపెట్టెలో పెట్టేవారు. ఆ చీటీలు నాకు ఇప్పటికీ గుర్తే. ‘నీళ్ళున్నాయి, తడవం.’ ‘మెట్లెక్కితే ఇల్లు లేదు.’ ‘కుక్క గోడలోంచి వస్తుంది, ఏమీ చెయ్యదు.’ ఒకదాని మీద ‘ఈ మనిషికి ఇంకా మొహం పెట్టలేదు, నడక మాత్రం మంచిది’ అని ఉండేది.

“పాడైపోయినవి ఎందుకండీ దాస్తారు?” అని మొదట్లో ఎగతాళి చేశాను.

“పాడైపోలేదండి. పని మీదున్నాయి” అన్నారు, అంతే.

మధ్యాహ్నం రెండు నించి నాలుగు దాకా కొట్టుకి పెద్దగా ఎవరూ వచ్చేవారు కాదు. నాకూ క్లాసులుండేవి కావు. ఆ వేళలో పిన్నిగారు ఆడేవారు. ఆడేవారనకూడదు. ఎవర్నీ చంపేవారు కాదు, ఏ పందెమూ గెలిచేవారు కాదు. లేసు మంచిచెడ్డలు వెనకవైపు తెలుస్తాయట. ముందు వైపు ఎవరైనా అందంగానే అల్లుతారట. అందుకని ఆటని కూడా తిరగేసి చూసేవారు. ఎలాగంటే, ఆటలో మనిషిని ఎడంపక్క గోడకేసి రుద్దుకుంటూ ఊరంతా నడిపించేవారు. పూర్తికాని ఆటల్లో ఎక్కడో ఒకచోట సందు ఉండిపోతుంది. ఆ సందులోంచి మనిషి జారి నేల కిందకి పోతాడు. అక్కణ్ణించి తల పైకెత్తి చూస్తే ఊరు మొత్తం అడుగువైపు నించి కనిపిస్తుంది. ఇళ్ళకి నేల ఉండదు, చెట్లకి వేళ్ళుండవు, మనుషులు గాల్లో తిరుగుతుంటారు.

“ఇదిగో, తిరగేశాను. రండి మాస్టారూ” అని పిలిచేవారు. కాఫీ తాగడానికి పిలిచినంత మామూలుగా.

తర్వాత ప్రశ్నలు మొదలు. “తలుపు పెట్టినవాడు లోపల గది ఉందనుకునేగా పెట్టాడు? గది చెయ్యాల్సినవాడికి చెప్పలేదంటారా?” “ఈ చెట్లు చేసినవాళ్ళూ ఆ ఇళ్ళు చేసినవాళ్ళూ ఒకళ్ళు కాదండి. చెట్ల వాళ్ళకి ఓపికెక్కువ. ఇళ్ళ వాళ్ళు సాయంత్రం బస్సు అందుకోవాలన్నట్టు చేశారు.” నేను మెమరీ అనీ, ప్రోగ్రామనీ పుస్తకంలో ఉన్నది చెప్పేవాణ్ణి. శ్రద్ధగా విని, “అది సరేనండి, ఎవరు చేశారంటారు?” అనేవారు. నాకు ఒళ్ళుమండేది. యంత్రం గురించి అంత చక్కగా చెబుతుంటే ఈవిడకి మనుషులు కావాలి.

ఒక వర్షాకాలం మధ్యాహ్నం, తణుకు నించి వచ్చిన కట్టలో ఒక డిస్కు తగిలింది. మిగతావన్నీ విదేశీ ఆటలైతే ఇది ఇక్కడిదే. బెంగుళూరులో ఎవరో చిన్న కంపెనీ వాళ్ళు చేస్తున్నది. తెరిస్తే కాలవ, గట్టు మీద కొబ్బరిచెట్లు, ఒక లాకు, కదలని పడవ. మనుషులు లేరు. పిన్నిగారు ముచ్చటపడ్డారు. అలవాటుగా ఎడంపక్క గోడ పట్టుకుని నడిపించుకుంటూ ఒక పెంకుటింట్లోకి వెళ్ళారు. రెండు గదులు. లోపలి గదిలో ఒక టేబుల్. టేబుల్ మీద తెల్లటి లేసు గుడ్డ.

నేను నవ్వి, “ఇన్నాళ్ళకి చూశారు పిన్నిగారూ, టేబుల్ మీద పరిచిన గుడ్డ” అన్నాను.

ఆవిడ నవ్వలేదు. తెరకి దగ్గరగా జరిగారు. “మూల చూడండి” అన్నారు. మామూలుగా మూలకి ఒక విడి పువ్వు అల్లి అతుకుతారట. ఇక్కడ అంచులో పువ్వే మూల దగ్గర సగానికి మడతపడి పక్కకి తిరిగిపోయింది. నాకు చెబితే తప్ప తెలిసేది కాదు. “దీన్ని పెద్దది చెయ్యగలరా?” అని అడిగారు.

డిస్కులో ఫైళ్ళు వెతికాను. ఆ గుడ్డ బొమ్మ విడిగా దొరికింది. నిజం గుడ్డని ఫోటో తీసి వాడారు. ఆటలు చేసేవాళ్ళు అలాగే చేస్తారు. అసలు బొమ్మ తయారయ్యేదాకా చేతికందింది ఏదో ఒకటి తాత్కాలికంగా పెట్టి, తర్వాత తీసేస్తారు. ఆ ఫైలుకి ఇంగ్లీషు అక్షరాల్లో ‘అమ్మ క్లాత్ టెంప్’ అని పేరు పెట్టుకున్నారు. ఎవరో తమ ఇంట్లో టేబుల్ మీదున్న అమ్మ గుడ్డనే ఫోటో తీసి పెట్టారన్నమాట.

ఫోటో తెరనిండా వచ్చింది. పిన్నిగారు సూది మొనతో గాజు మీద రేకులు లెక్కపెట్టారు.

“ఎనిమిదో రేకు చూడండి, వదులు. ప్రతి పువ్వుకీ అంతే. పువ్వు అయిపోతోందంటే దానికి తొందర. మనసు అప్పుడే తర్వాతి పువ్వు మీదకి పోతుంది.”

“ఎవరికండీ?”

“మా చెల్లికి. మూల అలా మడిచేదీ అదే.”

ముప్పై ఏళ్ళ కిందట పెళ్ళి చేసుకుని ఊరు వదిలి వెళ్ళిందట. ఉత్తరం లేదు, కబురు లేదు, ఏ ఊళ్ళో ఉందో తెలీదు. అంతకుమించి చెప్పలేదు. నేను మాత్రం అప్పటికే లెక్కలు కట్టేస్తున్నాను. అమ్మ అని పేరు పెట్టారంటే ఆ చెల్లెలి కొడుకో కూతురో ఈ ఆట చేస్తున్నారు. కంపెనీ ఈమెయిల్ అడ్రసు ఆ డిస్కులోనే ఉంది.

“కనుక్కుంటానుండండి పిన్నిగారూ. ఒక్క మెయిల్ చాలు” అన్నాను.

“వద్దు లెండి మాస్టారూ” అన్నారు.

ఇక్కడ నేను చేసిన తప్పు చెప్పాలి. మా గోదావరి వాళ్ళ విస్తరి ముందు ‘వద్దండి’ అన్న మాటకి విలువ లేదు. వద్దన్నవాడికి ఇంకో రెండు గారెలు పడతాయి. చెయ్యి అడ్డం పెడితే వేళ్ళ సందుల్లోంచి నెయ్యి పోస్తారు. అలా పొయ్యకపోతే మర్యాద తెలియని మనిషి అంటారు. పిన్నిగారే నాకు రోజూ రెండో గ్లాసు కాఫీ నేను వద్దంటుండగానే పోసేవారు. ఆ లెక్కనే నేను ఆవిడ ‘వద్దు లెండి’ని మొహమాటం అనుకున్నాను. శనివారం మేడ మీద కూర్చుని ఇంగ్లీషులో దివ్యంగా మెయిల్ రాసి పంపేశాను. మీ ఆట ఫలానా డిస్కులో చూశాం, అందులో రెండో గదిలో ఉన్న లేసు గుడ్డ ఇక్కడ ఒక పెద్దావిడ చెల్లెలు అల్లిందని మూల మడతని బట్టి తెలిసింది, ఆ గుడ్డ మీ ఉద్యోగుల్లో ఎవరి తల్లిదో దయచేసి తెలపండి, ఇదీ సారాంశం. పంపాక నా తెలివికి నేనే మురిసిపోయాను.

సోమవారం మధ్యాహ్నం చెప్పాను. శుభవార్త చెప్పినట్టే చెప్పాను.

పిన్నిగారు సూది దారంలోంచి తీసి ఒళ్ళో పెట్టుకున్నారు. నాకు అప్పుడు భయం వేసింది.

“నేను వద్దన్నానుగా” అన్నారు.

“మొహమాటం అనుకున్నానండి.”

“అనుకుంటారు లెండి, మన పద్ధతే అంత.” తర్వాత చెప్పారు. ముప్పై ఏళ్ళ కిందట, వీళ్ళకి దారమిచ్చి లేసు పట్టుకెళ్ళే ఏజెంటు ఒక కొత్త శాంపిల్ తెచ్చాడు. విదేశం నించి వచ్చిన కొత్త పువ్వు. అది ఎవరికీ చూపించకూడదు. లేసు పనిలో శాంపిల్ బయటికిపోతే ఆర్డరు పోతుంది, పట్టుకెళ్ళిన మనిషికి ఆ ఊళ్ళో ఇంక ఎవరూ దారం ఇవ్వరు. ఆ శాంపిల్ ఈవిడ చెల్లెలికి అల్లడానికి ఇచ్చారు. నెల తిరక్కుండా అదే పువ్వు ఇంకో ఏజెంటు మూటలో కనిపించింది. వీళ్ళ ఏజెంటు అందులోంచి ఒక పువ్వు పట్టుకొచ్చి పిన్నిగారి ముందు పెట్టి, “ఇది ఎవరి చెయ్యో చెప్పగలవా?” అని అడిగాడట.

“అప్పటికి నాకు ఇరవై రెండేళ్ళు మాస్టారూ. ఎవరి చెయ్యైనా ఇట్టే చెప్పేస్తానని ఊళ్ళో పేరు. ఎనిమిదో రేకు చూశాను. ఎందుకడుగుతున్నాడో తట్టనైనా తట్టలేదండి. చెప్పేశానన్న సంబరం. ‘మా చెల్లిది’ అనేశాను.”

చెల్లెలికి దారం ఆగిపోయింది. ఎవరింటికెళ్ళినా గుమ్మంలోనే నిలబెట్టి పంపేసేవారు. ఆ పువ్వు ఎందుకు అల్లి ఇచ్చిందో ఈవిడ అడగలేదు, చెల్లెలూ చెప్పలేదు. ఏడాది తర్వాత ఊరు వదిలి వెళ్ళే ముందు ఒక్క మాట అందట. “నా చెయ్యి నువ్వు తప్ప ఎవరూ గుర్తుపట్టలేరక్కా.”

ఒళ్ళోని సూది మళ్ళీ చేతిలోకి తీసుకున్నారు.

“ఇప్పుడు దాని బిడ్డని నేను పట్టిచ్చానంటారా?” అని అడిగారు పిన్నిగారు. నిజంగా తెలుసుకోవాలనే అడిగారు. ఇంకా రిలీజు కాని ఆట బజార్లో దొరికితే కంపెనీ ఏం చేస్తుంది, లోపలివాళ్ళని ఎవర్ని అనుమానిస్తుంది, ఉద్యోగం తీసేస్తుందా. నాకు తెలిసిన కంప్యూటర్ విద్యంతా ఆ ప్రశ్న ముందు ఎందుకూ పనికిరాలేదు. “తెలీదండి” అన్నాను. ఆ కొట్లో నేను ఆ మాట అనడం అదే మొదటిసారి.

గురువారం జవాబొచ్చింది. చిన్నదే. ఆ గుడ్డ మా ఉద్యోగుల్లో ఎవరి తల్లిదని మీరంటున్నారు? ఆ ఉద్యోగి మీకు ఏమవుతారు? డిస్కు మీకు వాళ్ళే ఇచ్చారా? పూర్తి వివరాలు వెంటనే రాయండి. ఈ విషయాన్ని చాలా తీవ్రంగా తీసుకుంటున్నాం. డిస్కుని వెంటనే ధ్వంసం చెయ్యండి.

తెలుగులో చెప్పాను. పిన్నిగారు టీవీలన్నీ కట్టేసి, కొట్టు తలుపు దగ్గరగా వేసి, “రాసుకోండి” అన్నారు. మేం మేడ మీదకి వెళ్ళాం. ఆవిడ మా సెంటర్లోకి రావడం అదే మొదలు, అదే ఆఖరు. నిలబడే చెప్పారు.

“అయ్యా, ఆ డిస్కు తణుకు నించి వచ్చింది. అక్కడికి మద్రాసు నించి వచ్చిందట. వందల్లో అదొకటి. మీ మనుషులు ఎవరూ మాకు తెలీదు. మా మాస్టారు చిన్నవారు, ఉత్సాహంలో ఏదో రాశారు, క్షమించాలి. ఆ మూల మడత నరసాపురం నించి పాలకొల్లు దాకా ప్రతి గుమ్మంలోనూ అల్లుతారు. నేను ముప్పై ఏళ్ళు ఈ పని చేశాను కాబట్టి చెబుతున్నాను. ఆ చెయ్యి ఎవరిదో చెప్పడం ఎవరి తరమూ కాదు. నాకూ తెలీదు.”

ఇంగ్లీషులోకి మార్చాను. చివరి మాట ఇంగ్లీషులో ఎలా ఉందో చదవమన్నారు. చదివాను. భాష రాకపోయినా ఇంకోసారి చదివించుకున్నారు. తర్వాత “పంపెయ్యండి” అన్నారు.

“డిస్కు విరిచేశామని కూడా రాయమంటారా?”

“రాయండి. విరవను గానీ, రాయండి. రెండబద్ధాలు అవుతాయి, కానివ్వండి” అన్నారు.

ఆ తర్వాత జవాబు లేదు. నెల గడిచింది, రెండు గడిచాయి. నాతో ఎప్పటిలాగే మాట్లాడేవారు, కాఫీ రెండో గ్లాసు పోసేవారు. నేను మాత్రం వద్దంటే వద్దనే అర్థం చేసుకోవాలని ఒట్టు పెట్టుకున్నాను, అందువల్ల మా చుట్టాల్లో కొంతమందికి దూరమయ్యాను. పిన్నిగారు మధ్యాహ్నాలు సగం ఆటలు చూడడం తగ్గించేశారు. ఒక్కోసారి అల్లుతూ అల్లుతూ ఆగి, “ఏమై ఉంటుందంటారు మాస్టారూ?” అనేవారు. దేని గురించో ఇద్దరికీ తెలుసు. రాత్రుళ్ళు నాకు నిద్రపట్టేది కాదు. ఎవరో మొహం తెలియని మనిషి ఒక మెయిల్ వల్ల వీధిన పడ్డాడేమో, ఆ మెయిల్ నేను రాసిందే కదా అని.

మరుసటి ఏడాది వానలు మొదలయ్యాక ఆ ఆట విడుదలైందని పేపర్లో చూశాను. విజయవాడ వెళ్ళి అసలు సిసలు డిస్కు, కవరుతో సహా కొనుక్కొచ్చాను. ఎటు చూసినా మొహాలు, గడ్డిలో గాలి, పడవ కదులుతోంది, మనుషులు పలకరిస్తున్నారు. పిన్నిగారు ఎవరితోనూ మాట్లాడకుండా నేరుగా ఆ పెంకుటింటికి నడిపించారు. రెండో గదిలో టేబుల్ మీద ఎర్ర గళ్ళ దుప్పటి లాంటిది ఉంది.

“మార్చేశారు” అన్నారు. “మార్చాలిగా. పని పూర్తయిందంటే అదేగా.”

ఇంక కట్టేద్దామనుకుంటుండగా, ఆట మొదటి పేజీలో ఏదో నొక్కారు. నల్లటి తెర మీద కిందనించి పైకి పేర్లు పోవడం మొదలైంది.

“ఇవేంటండి?”

“చేసినవాళ్ళ పేర్లండి.”

“మన సగం దాంట్లో ఉన్నాయా ఇవి?”

నాకు తట్టనేలేదు. పాత డిస్కు తీసి, ఫైళ్ళన్నీ జల్లెడ పట్టాను. చిట్టచివరికి ఒక మూల చిన్న ఫైలు దొరికింది. ఆఫీసులో ఎవరి బల్ల దగ్గర ఏ ఫోను నంబరో వాళ్ళు తమ కోసం రాసిపెట్టుకున్నది. ఇరవయ్యారు పేర్లు. మేం మెయిల్ రాయకముందు అక్కడ పనిచేస్తున్న ఇరవయ్యారుమంది. వీళ్ళలో ఎవరి పేరైనా కొత్తదాంట్లో లేకపోతే, మా మెయిల్ వల్ల ఉద్యోగం పోయినట్టే.

రెండు కంప్యూటర్లూ పక్కపక్కన పెట్టాను. పాతదాంట్లో ఒక పేరు చదివి, కొత్తదాంట్లో వెతికి, ఉంటే “ఉన్నారండి” అనేవాణ్ణి. పిన్నిగారు నా కుర్చీ వీపు పట్టుకుని నిలబడ్డారు. పద్దెనిమిది దాకా బాగానే జరిగింది. పంతొమ్మిదో పేరు కొత్తదాంట్లో కనబడలేదు. మొదటినించీ వెతికాను, లేదు. ఆవిడ పట్టుకున్న కుర్చీ కదిలింది. మూడోసారి వెతికితే, సంగీతం కింద, చిన్నక్షరాల్లో, ఇంటిపేరు ముందుకొచ్చి ఉంది.

“ఉన్నారండి” అని అరిచాను. రోడ్డు మీద వెళ్ళేవాళ్ళు తొంగిచూశారు.

మిగతా ఏడూ దొరికాయి.

“ఎవరూ పోలేదుగా?”

“పోలేదండి. అందరూ ఉన్నారు.”

పిన్నిగారు కుర్చీ లాక్కుని కూర్చున్నారు. కొంగుతో మొహం తుడుచుకున్నారు. ఇప్పుడు మళ్ళీ రాసి, ఇరవయ్యారుమందిలో ఎవరో అడగొచ్చేమో అని నాకు అనిపించింది, అనలేదు. ఆవిడ మొహం చూస్తే అర్థమైంది, అడగరు. చెల్లెలు దొరికిందా అని మీరు అడుగుతారేమో. నాకు తెలిసినంతలో, లేదు.

“మళ్ళీ ఒకసారి చదవండి మాస్టారూ. పేరుకీ పేరుకీ మధ్య కాస్త ఆగండి” అన్నారు.

చదివాను. ఆ ఇరవయ్యారులో చెల్లెలి బిడ్డ ఎవరో ఆవిడకి తెలీదు. కొడుకో కూతురో కూడా తెలీదు. అందుకని ఒక్క పేరు కూడా వదలకుండా, ఇరవయ్యారింటికీ ఊఁ కొట్టారు.